నల్లగెడ్డవలస అరచేతులు

దడపలక వచ్చిన కొత్తల్లో దాన్ని మెచ్చుకోని మనిషి లేడు. అంతకు ముందు ఢిల్లీ సభలో జీరో అవర్ అంటే సంతే. ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల మాట వినబడేది, ఎవరు అధ్యక్షుడి కంట పడితే వాళ్ల మైకు వెలిగేది. ప్రతిపక్షంలో వెనక వరసల్లో కూర్చున్న వాళ్లు, తమ వైపు వంతెన కూలిందనో, ఆసుపత్రిలో డాక్టరు లేడనో చెబుదామని కాగితం పట్టుకుని లేచేవారు. కాసేపు నిలబడి కూర్చునేవారు. సాయంత్రం ఆ కాగితాన్నే మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయేవారు. ప్రతిపక్షం తరఫున నీలవేణి గెలిచిన ఏడాదంతా అలా మడతలు పెట్టడంతోనే సరిపోయింది.

ఆ పలకను కనిపెట్టినవాడు వేరెవరో కాదు, ఆమె సొంత తమ్ముడు త్రినాథ్. హైదరాబాదులో పెద్ద ప్రయోగశాల అతనిది. పలక చూడ్డానికి అట్ల పెనమంత ఉంటుంది, నల్లగా, చల్లగా. దాని మీద అరచెయ్యి ఆనించి, ఊరికొచ్చిన కష్టం పేరు ఒకసారి పైకి అనాలి. ఆ పేరు వినగానే ఒంట్లో ఎంత దడ పుట్టిందో చెమటను బట్టి, నాడిని బట్టి, వేళ్ల చల్లదనాన్ని బట్టి పలక పసిగట్టేస్తుంది. పక్కనున్న గాజుగొట్టంలో ఎర్రగీత అంత పైకి లేస్తుంది. నోరు ఎన్ని అబద్ధాలైనా ఆడగలదు గాని, చెయ్యి ఆడలేదు కదా. ఊళ్లో అందరి చేతులూ కలిపి తూచి, ఏ ఊరి గీత పైనుంటే ఆ ఊరి సభ్యుడికి సభలో మూడు నిమిషాలు. ఏ పార్టీ అని చూడరు. ఈ పద్ధతి కావాలని అందరికంటే గట్టిగా బల్ల చరిచిన మనిషి నీలవేణే.

చరిచింది కదా, మరి తన పుట్టిన ఊరి సంగతే ముందు చెప్పుకోవాలి అనుకుంది. నల్లగెడ్డవలస అని, కొండ కింద ఊరు. కొండ మీద కరెంటు కంపెనీ వాళ్ల బూడిద చెరువు ఉంది. బొగ్గు కాల్చగా మిగిలిన బూడిదను నీళ్లలో కలిపి గొట్టాల్లో తెచ్చి అందులో పోస్తారు. నిండిపోయినప్పుడల్లా చెరువు కట్టను ఇంకాస్త ఎత్తు పెంచుతారు. ఆమె చిన్నప్పుడు ఇంటి చూరు నుంచి చూస్తే కట్ట మీద ఆకాశం కనబడేది. ఇప్పుడు ఆకాశం కోసం మెడ వెనక్కి వాల్చాలి. పోయిన వానాకాలం కట్ట అడుగున, రాగులు పండే చోడిచేలో, ఒకచోట చెమ్మ తేలింది. ఎండాకాలమంతా ఆ చెమ్మ ఆరలేదు. అక్కడ చిన్న మడుగు కట్టి తుంగ మొలిచింది. ఆ మడుగులో నీళ్లు పల్చటి మజ్జిగలా ఉంటాయి, కోళ్లు కూడా ముట్టవు. నీలవేణి అది చూసి వచ్చిన నాటి నుంచి ఆమెకు అన్నం సయించడం లేదు. ఆ కట్ట గాని కరిగిందా, ఊరు ఊరంతా బూడిద కింద ఉంటుంది. కేకేసే వ్యవధి కూడా ఉండదు.

వానలు ముదరక ముందే ఆ మాట సభలో పడాలి. అందుకని జ్యేష్ఠంలోనే తూకం వాళ్లను పిలిపించింది.

తూకం రోజు ఊరి సచివాలయం అరుగు మీద పెళ్లి సందడిగా ఉంది. మొదట చెయ్యి పెట్టింది దాలమ్మ. నీలవేణికి పినతండ్రి భార్య. తల్లి పోతే అక్కనూ తమ్ముణ్నీ చంకనెత్తుకు పెంచింది ఆవిడే. అరచెయ్యి ఆనించి, పెద్ద గొంతుతో "కట్ట" అంది. గీత కదల్లేదు. ఇంకోసారి అంది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇంతలో ఎవరో, దాలమ్మా, నీ తోటకూర మడిలో మేక పడ్డాదే అని కేకేశారు. గీత జానెడు లేచింది. జనమంతా విరగబడి నవ్వారు, దాలమ్మ కూడా. ఆవిడ తర్వాత వచ్చినవాళ్లూ అంతే. ఎవరి చేతి కిందా పలక పలకలేదు. చైత్రంలో కాపురానికొచ్చిన దాలమ్మ కొత్త కోడలు ఝాన్సీ చెయ్యి కూడా చల్లగా, నిమ్మళంగా ఉంది.

ఆ వారం సభలో మూడు నిమిషాలు వేరే ఊరికి పోయాయి. వాళ్ల స్టేషన్లో ఎక్స్‌ప్రెస్ రైలు ఆపడం మానేశారట, ఊరంతా ఉడికిపోతోందట. నీలవేణి ఉండబట్టలేక తన వంతు కాకపోయినా లేచింది. మంత్రిగారు ఆమె ఊరి తూకం కాగితం తెప్పించుకుని చూశాడు. చూసి, గౌరవ సభ్యురాలికి ఉన్న బెంగ ఆమె ఊరివాళ్లకు లేదు, ముందు ఆమెకు వైద్యం చేయించాలి అన్నాడు. అటు వైపు బల్లలన్నీ మోగాయి. ఆమె తల దించుకోలేదు, కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

తిన్నగా హైదరాబాదు పోయి తమ్ముడి ముందు కూర్చుంది. నీ పలక గుడ్డిది అంది. త్రినాథ్ నొచ్చుకున్నాడు. నోరున్నవాడి ముందు నోరు లేనివాడు ఓడిపోకూడదని, ఎన్నో ఏళ్లు నిద్ర మానుకుని చేసిన పని అది. ఒక పలక తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె చెయ్యి ఆనించి "కట్ట" అంది. గీత గొట్టం చివరి దాకా వెళ్లి అక్కడే నిలబడింది.

"చూశావా అక్కా, గుడ్డిదైతే నీకెలా పలికింది? వాళ్ల చేతుల్లో లేదు. అదే చెప్పింది."

"ఎందుకు లేదురా? ప్రాణాలు తీపి కావా వాళ్లకి?"

త్రినాథ్ తన చెయ్యి ఆనించాడు. తనూ కట్ట అన్నాడు. గీత అడుగునే పడుకుంది. నీలవేణి తెల్లబోయింది. అప్పుడు నెమ్మదిగా చెప్పాడు. పలక సరిగ్గా పనిచేస్తోందో లేదో పరీక్షించాలంటే ఏదో ఒక భయం కావాలి. అతనికి పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఉన్న భయం ఆ కట్టే. ఉదయం లేచింది మొదలు పలక మీద చెయ్యి పెట్టడం, కట్ట అనడం, గీత రాసుకోవడం. అలా అని అని, మొదట్లో గొట్టం చివరికి లేచిన గీత రోజురోజుకీ దిగిపోయి, ఒకనాటికి లేవడమే మానేసింది. భయం అరిగిపోతుందక్కా, చెప్పు అరిగినట్టు, అన్నాడు. ఊరివాళ్లు పొద్దున్న లేస్తే దాన్నే చూస్తారు, దాని కిందే పళ్లు తోముకుంటారు, వాళ్లకు మాత్రం ఎన్నాళ్లుంటుంది?

పోనీ, అలవాటు పడ్డవాళ్లకు ఇంత అని కలిపి తూచేలా పలకను మార్చమంది. అది కుదరదన్నాడు త్రినాథ్. అలా కలిపితే లేని కష్టానికి కూడా అలవాటు పడిపోయామని దేశంలో ప్రతి ఊరూ అంటుంది, ఏది నిజమో ఎలా తేలుతుంది అన్నాడు. అతను అన్నది అబద్ధం కాదు. అందుకే ఆమెకు ఇంకా కోపం వచ్చింది. ఆ రాత్రి భోజనం కూడా చెయ్యకుండా బండెక్కేసింది.

ఆషాఢం వెళ్లిపోయింది. నాలుగు వానలు పడ్డాయి. నీలవేణి ఊరికి వచ్చి ముందు చోడిచేను చూసింది. తుంగ పెరిగింది, మడుగు మంచమంత అయింది. అక్కడి నుంచి దాలమ్మ ఇంటికి పోతే, ఆడవాళ్లంతా వాకిట్లో చేరి అటుకులు, బెల్లం, కొబ్బరి ముక్కలు మూటలు కడుతున్నారు. ఎక్కడికని అడిగింది. ఝాన్సీకి మళ్లీ కట్ట నేర్పాలట.

ఆ ఊళ్లో అదొక ఆచారం. ఎప్పుడు, ఎవరు మొదలెట్టారో తెలీదు. కాపురానికొచ్చిన కోడలు ఆ కట్టను చూసి బెదిరిపోతుంది కదా. అన్నం తినదు, నిద్రపోదు, పుట్టింటికి పోతానని ఏడుస్తుంది. అత్తలూ, తోడికోడళ్లూ కలిసి రోజూ సాయంత్రం ఆ పిల్లను కట్ట మీదికి తీసుకుపోతారు. అక్కడ కూర్చోబెట్టి తల దువ్వుతారు, అటుకులు పెడతారు, మొగుళ్ల మీద జోకులేసి నవ్విస్తారు. కొన్నాళ్లకు ఆ పిల్ల కట్టను మరిచిపోతుంది. ఎంతో ప్రేమతో చేసే పని అది. ఝాన్సీకి చైత్రంలోనే నేర్పారు, బాగానే కుదుటపడింది కూడా. ఆషాఢమాసానికని పుట్టింటికి పోయి నెల్లాళ్లుండి వచ్చిందో లేదో, మళ్లీ మొదటికొచ్చింది. పుట్టింటి నుంచి వచ్చిన ప్రతి కొత్త కోడలికీ ఇదేనని దాలమ్మ నవ్వుతూ చెప్పింది. మొదటి ఆషాఢం అయ్యాక రెండోసారి నేర్పాల్సిందే.

నీలవేణి మూట కట్టే చేతిని పట్టుకుని ఆపింది. లోపలికెళ్లి చూస్తే ఝాన్సీ గదిలో గోడకు ఆనుకుని, కిటికీకి వీపు పెట్టి కూర్చుని ఉంది. సచివాలయం నుంచి పలక తెప్పించి ఆ పిల్ల చేతి కింద పెట్టించింది. జ్యేష్ఠంలో పడుకున్న గీత ఇప్పుడు కట్ట అనకముందే లేచింది.

అయితే భయం చావలేదు. నిద్రపోయింది. నెల్లాళ్లు దూరంగా ఉంటే లేస్తుంది.

ఆ సాయంత్రం ఊరంతటినీ కూర్చోబెట్టి నీలవేణి తన ఆలోచన చెప్పింది. అందరూ ఒక నెల ఊరు విడిచి కూతుళ్ల ఇళ్లకో, అక్కచెల్లెళ్ల ఇళ్లకో పోవాలి. గొడ్లను పై ఊరివాళ్లు చూస్తారు, ఆ ఏర్పాటు తను చేస్తుంది. తిరిగొచ్చిన రోజునే తూకం. మగవాళ్లు కొందరు సరదాగా ఉందే అన్నారు. ప్రభుత్వం ఖర్చా, నీ ఖర్చా అని ఒకాయన ఆరా తీశాడు. దాలమ్మ మాత్రం ఆ కూర్చున్న చోటు నుంచి లేవలేదు, నవ్వలేదు. అందరూ వెళ్లాక అడిగింది.

"ఒలే నీలేణీ, నాను ఈ ఊరొచ్చినప్పుడు నీకు పాల పళ్లు. నాకు రెండేళ్లు కునుకు లేదు, తెలుసా నీకు? ఎత్తుకున్న నిన్ను గూడా ఆ కట్టేపు సూడనిచ్చీదాన్ని కాదు. ఆ బయాన్ని ఎలా పడుకోబెట్టినానో ఆ అమ్మోరికే తెలుసు. ఇప్పుడు దాన్ని లేపీమంటన్నావు."

"లేపకపోతే ఎవరూ వినరు పిన్నీ."

"లేపినాక గూడా ఇనకపోతే? మళ్లా దాన్ని ఎవలు పడుకోబెడతారు, నువ్వొచ్చి జోకొడతావేటి?"

నీలవేణి పిన్నిని చెయ్యి పట్టుకుని చోడిచేలోకి తీసుకెళ్లి మడుగు చూపించింది. దాలమ్మ చాలాసేపు చూసింది. ఆ చేను ఆవిడదే. తుంగ ఒకటి పీకి వేరు చూసింది, వేరుకు బూడిద అంటుకుని ఉంది. దాన్ని కొంగున తుడుచుకుని, పెద్ద కూతురింటికి ఎల్లి సాలా దినాలయింది, ఎల్తాను అంది.

శ్రావణంలో ఊరు ఖాళీ అయింది. తాళాలు కూడా లేని ఇళ్లకు కొత్తగా తాళాలు కొన్నారు. ప్రతిపక్ష సభ్యురాలు ఓటర్లను విహారయాత్రలకు పంపుతోందని పత్రికలు రాశాయి. నీలవేణి ఏవీ పట్టించుకోలేదు. ఆ నెల్లాళ్లూ ఆమెకు ఒకటే పని, ఏ ఊళ్లో ఉన్నా ఆకాశం చూడడం. మబ్బు పడితే నల్లగెడ్డవలసలో ఉంచిన కాపలావాడికి ఫోను చేసి మడుగు ఎంతయిందని అడిగేది. ఊళ్లో జనం లేకపోయినా ఆమెకు దడ తగ్గలేదు. ఒకవేళ ఈ నెలలోనే తెగితే మంచిదేమో అని ఒకరోజు అనుకుని, అలా అనుకున్నందుకు చెంపలు వేసుకుంది.

తిరిగొచ్చే రోజు రానే వచ్చింది. బస్సుల్లో వచ్చేటప్పుడు అందరూ కబుర్లతో ఉన్నారు, కూతుళ్లు పెట్టిన సారె గురించి, అల్లుళ్ల వంకల గురించి. ఊరి మలుపు దగ్గర రోడ్డు వంపు తిరుగుతుంది, అక్కడ కట్ట ఒక్కసారిగా ఎదురొస్తుంది. మొదటి బస్సు అక్కడికి రాగానే మాటలు ఆగిపోయాయి. ఒక ముసలాయన, ఆపు, ఆపు బాబూ అన్నాడు. దిగారు. రెండో బస్సు వాళ్లూ దిగారు. మూటలు నెత్తిన పెట్టుకుని రోడ్డు మీద నిలబడ్డారే గాని ఒక్కరూ ముందుకు అడుగు వెయ్యలేదు. తాము పుట్టి పెరిగిన ఇళ్లను, ఆ ఇళ్ల మీద అంతెత్తున వాలి ఉన్న దాన్ని, ఎన్నడూ చూడనట్టు చూశారు. ఇన్నాళ్లూ దీని కింద పడుకున్నామా అని ఎవరో నెమ్మదిగా అన్నారు. ఒక తల్లి పిల్లాడి కళ్లకు చెయ్యి అడ్డం పెట్టింది.

తూకం అక్కడే, రోడ్డు మీదే జరిగింది. ఆ రోజు ఎవరి చేతి కిందా గీత సగంలో ఆగలేదు. దాలమ్మ చెయ్యి పెట్టింది గాని, కట్ట అనడానికి ఆవిడకు నోరు పెగల్లేదు. గీత మాత్రం లేచింది. నీలవేణి ఆ గీతను చూసి సంతోషపడింది. వెంటనే పిన్ని ముఖం చూసి ఆ సంతోషాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలీక పక్కకు తిరిగింది.

మూడు నిమిషాలు దొరికాయి. సభలో ఆమె తుంగ వేరు గురించి, మజ్జిగ లాంటి నీళ్ల గురించి, రోడ్డు మీద నిలబడిపోయిన మనుషుల గురించి చెప్పింది. అరవలేదు. ఈసారి బల్లలు మోగలేదు, అవతలి వైపు నుంచి కూడా ఎవరూ నవ్వలేదు. మంత్రిగారు లేచి, తూకం ఘనంగా ఉంది, కాదనను అన్నాడు. చెరువు ఖాళీ చేయించే పని చేపడతామన్నాడు. అయితే పద్ధతి ప్రకారం పని పూర్తయ్యే వరకు ప్రతి రెండు నెలలకూ ఊరిని తిరిగి తూచాలి, గీత నిలబడినన్నాళ్లే పని నడుస్తుంది, పడిపోతే ఆ డబ్బు ఇంకా ఎక్కువ బాధలో ఉన్న ఊరికి పోతుంది, అదే న్యాయం అన్నాడు. అవును, అదే న్యాయం. ఆ రూలుకు కూడా ఒకప్పుడు నీలవేణే బల్ల చరిచింది.

పని మొదలైంది గాని నత్తనడక. చెరువులో ఏళ్ల తరబడి పోసిన బూడిద ఒక్క ఏడాదిలో పోతుందా? లారీలు వచ్చేవి, వాన పడితే ఆగేవి. ఊరివాళ్లు కొన్నాళ్లు రోడ్డు పక్కన టార్పాలిన్ల కింద ఉన్నారు. పిల్లలకు జ్వరాలొచ్చాయి. చివరికి ఒక్కొక్కరే ఇళ్లలోకి పోయారు, ఎక్కడికి పోతారు మరి. పోయినవాళ్లు రాత్రి ఒంటి మీద గుడ్డ మార్చుకోకుండా, గుమ్మం వైపు కాళ్లు పెట్టి పడుకునేవారు. దాలమ్మ తన తోటకూర మడి వైపు పోవడం మానేసింది. ఝాన్సీ చిక్కి సగమైంది. ఆ పిల్లకు కట్ట నేర్పొద్దని ఊరు తీర్మానించుకుంది, గీతను ఎక్కువగా నిలబెట్టేది ఆ పిల్ల చెయ్యే కాబట్టి.

అయినా భయం ఆగుతుందా? పదిహేను రోజులు గడిచేసరికి ఒక ముసలాయన కట్ట కింద కూర్చుని బీడీ కాల్చుకుంటూ కనబడ్డాడు. ఆడవాళ్లు మళ్లీ నవ్వడం మొదలెట్టారు. తూకం దగ్గర పడుతోంది. నీలవేణి ఆ నవ్వు వింది. మనుషులు నవ్వుతుంటే బెంగపడే బతుకు తనకు వచ్చిందే అని ఆమె ఒక్కతే కూర్చుని ఏడ్చింది. ఏడ్చి, పిన్ని దగ్గరకు వెళ్లి, ఇక చాలు, ఊరిని ఇలా కాల్చుకు తినలేను, పని ఆగితే ఆగనీ, వేరే దారి చూస్తాను అంది.

దాలమ్మ చాట పక్కన పెట్టింది. "ఏరే దారి ఉంటే ఇన్నాళ్లూ ఎందుకు సూడనేదు నువ్వు? ఆ మడుగు నువ్వే సూపించినావు కదా నాకు. ఇప్పుడు కళ్లు మూసుకోమంటే నాను మూసుకోలేను."

"ఝాన్సీని చూడు పిన్నీ, ఎలా అయిపోయిందో."

"అందుకే సెప్తన్నాను. ఒక్క కోడలు గుంట మీదే అంతా ఏసీసినాం, తప్పు మనదే. కాలవ నీళ్లకి వంతులేసుకోవా? దీనికీ ఏసుకుందాం. ఓ వీధోలు ఊరెల్తే ఓ వీధోలొస్తారు. వొచ్చినోలు మోస్తారు. మోసినోలు కట్టెక్కి కూకుని అటుకులు తింటారు. ఝాన్సీకి గూడా కట్ట నేర్పీండి, తిననీండి పాపం."

అలాగే జరిగింది. వీధుల వారీగా వంతులు వేసుకున్నారు. ఒక వీధి బంధువుల ఇళ్లకు పోయేది, తూకం ముందు రోజుల్లో తిరిగి వచ్చేది, కొత్త కళ్లతో కట్టను చూసేది. వాళ్ల చేతులు తక్కిన వాళ్ల చేతుల బరువును కూడా ఎత్తేవి. వంతు అయిపోయినవాళ్లను మిగతావాళ్లు కట్ట మీదికి తీసుకుపోయి కుదుటపరిచేవారు. ఝాన్సీ రెండు పూటలా అన్నం తినసాగింది. గీత పడలేదు. లారీలు వస్తూనే ఉన్నాయి.

త్రినాథ్ ఈ సంగతి విని వచ్చాడు. వంతు వీధితో పాటు మలుపు దగ్గర నిలబడి తనూ కట్ట వైపు చూశాడు. చుట్టూ ఉన్నవాళ్లు మూటలు దించి గుండెలు పట్టుకుంటే, అతను ఒక్కడూ చేతులు జేబుల్లో పెట్టుకుని ఊరికే నిలబడ్డాడు. ఎలా ఉందిరా అని అక్క అడిగితే, కొండ లాగుంది, అంతే, అన్నాడు. ఆ సాయంత్రమే వెళ్లిపోయాడు. అతని వంతు ఎవరూ వెయ్యలేదు.

మరుసటి ఏడాది కార్తీకంలో దాలమ్మ వీధి వంతు వచ్చింది. అకాల వానలు పట్టుకున్నాయి, మడుగు నూర్పిడి కళ్లమంత అయింది. తూకం బండి సచివాలయం దగ్గర ఆగి ఉంది. నీలవేణి గొడుగు పట్టుకుని మలుపు దగ్గర ఎదురు చూసింది. బస్సు ఆగింది, దాలమ్మ మెట్టు దిగి తలెత్తింది. నోరు తెరుచుకుంది. రోడ్డు అంచునే కూలబడింది. నీలవేణి గొడుగు వదిలేసి పిన్నిని ఒళ్లోకి తీసుకుంది. ఈసారికి వద్దు పిన్నీ, ఇంటికి పోదాం, పొయ్యి దగ్గర కూర్చుందువు గాని, కాసిన్ని టీనీళ్లు తాగుదువు గాని అంది.

దాలమ్మ ఆమె చేతులు విడిపించుకుంది.

"ఒద్దు, ఇంటికొద్దు. పొయ్యి కాడ కూకుంటే తగ్గిపోద్ది. పలక ఎక్కడుందో అక్కడికి నడిపించు నన్ను, బేగి."

లేచింది. కుడి అరచేతిని వేళ్లు విప్పి, కొంగుకు గాని, నీలవేణి భుజానికి గాని తగలకుండా వానలో ముందుకు చాపి పట్టుకుని నడిచింది.